పల్లెలో కళాకారుల రెసిడెన్సీ: ఏ నెలలో పెట్టాలి, నేర్పేవాళ్లకి ఎలా ఇవ్వాలి?

చిత్రలేఖ

అందరికీ నమస్కారం. నేనూ నా స్నేహితులూ బొమ్మలు వేసేవాళ్లం, మాలో ఇద్దరు టెక్స్‌టైల్ డిజైన్ చదివారు. శ్రీకాళహస్తికి దగ్గర్లో ఒక పల్లెలో పాత పెంకుటిల్లు, వెనక దొడ్డి, బావితో సహా అద్దెకి దొరికింది. అక్కడ ఏటా ఒకసారి కళాకారుల రెసిడెన్సీ నడపాలని ఆలోచన. ఆరుగురు వచ్చి ఒక నెల ఉంటారు. కలంకారీ (గుడ్డ మీద వెదురు కలంతో, సహజ రంగులతో బొమ్మలు వేసే పని) కుటుంబాల దగ్గర పని నేర్చుకుంటారు, చుట్టూ ఉన్న కొండలు, ఏరు, చెట్లు చూస్తూ తమ సొంత పని చేసుకుంటారు, ఆఖర్న నగరంలో ఒక ప్రదర్శన. చాలామందికి సెలవులు కాబట్టి మే నెల అనుకున్నాం.

నాకిది చాలా ఇష్టమైన పని. ఊరికే వెళ్లి ఫొటోలు తీసుకుని వచ్చేలా ఉండకూడదు. ఇలాంటివి నడిపినవాళ్లు, వెళ్లొచ్చినవాళ్లు, ముఖ్యంగా చేతిపని కుటుంబాల వాళ్లు ఇక్కడ ఉంటే మొహమాటం లేకుండా చెప్పండి. నెల సరిపోతుందా? నేర్పేవాళ్లకి ఎలా ఇవ్వాలి? ప్రదర్శన అసలు అవసరమా?

కసింకుండ

మాది కాళహస్తే. మా తాత, నాన్న, బాబాయి అందరూ కలం పట్టినవాళ్లే, నేను ఉద్యోగం చేసుకుంటూ సెలవుల్లో కూర్చుంటాను. ఆలోచన బాగుందండీ, కానీ మే నెల మాత్రం వద్దు.

ఎందుకో చెప్తాను. ఎరుపు కావలసిన చోట ముందు పటిక నీళ్లతో గీస్తాం. అది బాగా ఆరాక పారే నీళ్లలో జాడించాలి. మిగిలిన పటిక నీళ్లతో పాటు కొట్టుకుపోవాలి కాబట్టే పారే నీళ్లు అంటారు. నిలవ నీళ్లలో ముంచితే అదే పటిక మళ్లీ గుడ్డంతా అంటుకుంటుంది, తర్వాత రంగులో ఉడకబెట్టేటప్పుడు తెల్లగా ఉండాల్సిన చోట కూడా ఎరుపు తేలుతుంది. స్వర్ణముఖిలో ఏడాది పొడవునా నీళ్లుండవు, మే నెలలో చూస్తే ఇసుకే. ఇప్పుడు చాలామంది తొట్టెల్లో నీళ్లు మార్చి మార్చి కానిస్తున్నారు, మా ఇంట్లోనూ అంతే. కానీ ప్రకృతి, చేతిపని అని పేరు పెట్టుకుని వచ్చేవాళ్లు ఏరు లేనప్పుడు వస్తే ఈ పనిలో ఏరు చేసే పనేమిటో వాళ్లకెప్పటికీ తెలీదు. మా వైపు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవి, ఆశ్వయుజం, కార్తీకాల్లో పడతాయి. మంచి ఏడాదైతే పుష్యం, మాఘం నాటికి ఏట్లో నీళ్లు ఉంటాయి, ఎండా బాగా కాస్తుంది. గుడ్డ ఆరడానికి ఎండ కూడా అంతే ముఖ్యం, అందుకే ముసురు రోజుల్లో రావడం కూడా దండగ.

రెండోది కసిం. మా నలుపు రంగు అదే. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి మూతపెట్టి రెండు మూడు వారాలు పులవనివ్వాలి, దాన్ని తొందరపెట్టలేం. మీవాళ్లే వచ్చి మొదటిరోజు కుండ పెట్టుకుని, అది పులిసేదాకా చింతబొగ్గుతో గీత నేర్చుకుంటే మంచిదని నా అభిప్రాయం. సిద్ధంగా ఉన్న కసిం ఇస్తే అది వాళ్లకి సిరా సీసా కిందే లెక్క.

నీలిమందు

కసింకుండ గారు చెప్పినదానికి ఒక మాట కలుపుతాను, నేను రంగుల పని చదువుకుంటున్నాను. కసిం కుండలో చూస్తే నల్లగా ఉండదు, మురికి గోధుమ రంగులో ఉంటుంది. మామూలు తెల్ల గుడ్డ మీద గీస్తే తుప్పు మరక పడుతుంది, అంతే. అదే కరక్కాయ, పాలు పట్టించి ఎండబెట్టిన గుడ్డ మీద కలం ఆనిస్తే గీత మన కళ్లముందే నల్లబడుతుంది. పులిసిన ఇనుపనీళ్లు, కరక్కాయలోని టానిన్ (వగరు పదార్థం) కలిసి ఆ నలుపు గుడ్డలోనే పుడుతుంది. పాలల్లో ఉన్న కొవ్వు వల్ల గీత పక్కకి పాకదు, అందుకే గేదె పాలు వాడతారు.

రెసిడెన్సీలో మొదటి పాఠం ఇదే పెట్టండి అని నా విన్నపం. రెండు గుడ్డముక్కలు, ఒకటి కరక్కాయ పట్టించినది, ఒకటి పట్టించనిది, ఒకే కలం, ఒకే కసిం. ఎంత పెద్ద ఆర్టిస్టయినా అది చూశాక రంగు ట్యూబులోంచి వస్తుందనే అలవాటు కాస్త వదులుకుంటాడు.

వెదురుపుల్ల

నేను శిల్పం చేస్తాను, ఇలాంటి రెసిడెన్సీలకి దేశంలో కొన్నిచోట్లకి వెళ్లాను. నాకు వీటి మీద అనుమానాలు ఎక్కువ, సూటిగా రాస్తున్నాను, ఏమీ అనుకోవద్దు.

నేను చూసిన ఒక చోట జరిగింది ఇది, పేరు అనవసరం. ఊళ్లో ముసలాయన రోజంతా కూర్చుని పని నేర్పాడు. వచ్చినావిడ ఆయన చేతే సగం పని చేయించుకుంది. నగరంలో ప్రదర్శన పెడితే పనుల పక్కన ఆవిడ పేరే ఉంది, కింద చిన్న అక్షరాల్లో 'స్థానిక పనివారి సహకారంతో' అని. ఆయనకి పేరు లేదా? ఇంతా చేసి ఆయనకి ఇచ్చింది రోజుకూలీ. ఆవిడ పని అమ్ముడైన ధర ఆయనకి తెలీదు కూడా.

కలంకారీలో మీకు మరీ జాగ్రత్త కావాలి. కాళహస్తి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. అంటే మీరు వెళ్లే ఊరు గురువుల ఊరు. ఒక నెలలో 'కలంకారీ నేర్చుకున్నాను' అని ఎవరైనా పరిచయంలో రాసుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. నేర్చుకోవడం మొదలుపెట్టాను అని రాసుకోమనండి. కనీసం రెండేళ్లు అదే మనిషి అదే ఇంటికి మళ్లీ రావాలనే షరతు పెడతారా? పెట్టగలిగితే నేను కూడా దరఖాస్తు చేస్తాను.

చిత్రలేఖ

వెదురుపుల్ల గారూ, ఏమీ అనుకోలేదు, ఇలాంటివి వినాలనే అడిగాను. రెండేళ్ల షరతు నాకు నచ్చింది. కానీ ప్రదర్శన లేకపోతే డబ్బిచ్చేవాళ్లు ముందుకు రారు, ఏదో ఒకటి చూపించాలి కదా. ఇంటి అద్దె, భోజనాలు, గురువులకి ఇచ్చేది, అన్నీ మేమే భరించలేం. దీనికి దారేమిటి?

లక్కపిడత

నేను ఏటికొప్పాక వాళ్లతో చాలాకాలంగా పనిచేస్తున్నాను, లక్క బొమ్మల డిజైన్లు. ప్రదర్శన ఎక్కడ పెడతారన్నది కూడా చూడండి. ముందు ఊళ్లోనే పెట్టండి, నేర్పినవాళ్ల ఇళ్ల ముందు, సాయంత్రం పని ముగిశాక. వాళ్ల పిల్లలు, చుట్టాలు, పక్కవీధి వాళ్లు చూస్తారు, తప్పులు అక్కడే చెప్పేస్తారు. మా దగ్గర ఒక కుర్రాడు పేద్ద జాడీ తిప్పి ఎంతో మురిసిపోతుంటే ఒక అవ్వ చేతిలోకి తీసుకుని 'అడుగు బరువు లేదు నాయనా, గాలికే పడిపోద్ది' అంది. ఏ గ్యాలరీలోనూ ఆ మాట ఎవరూ అనరు. నగరంలో పెట్టదలిస్తే ఆ తర్వాత పెట్టుకోండి, డబ్బిచ్చేవాళ్లకి రెండూ చూపించొచ్చు.

బయటివాళ్లు వస్తే మేలు జరగదని మాత్రం నేను ఒప్పుకోను. ఏటికొప్పాకలో రసాయన రంగులు వచ్చేసిన రోజుల్లో సహజ రంగులని మళ్లీ నిలబెట్టడానికి సి.వి. రాజు గారు ఏళ్ల తరబడి పనిచేశారు, 2023లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. ఆయన ఆ ఊరి మనిషే, నిజమే, కానీ ఆయన కూడా పనివాళ్ల దగ్గర కూర్చుని, లక్కలో ఏ రంగు నిలుస్తుంది, ఏది మాడిపోతుంది అని చూసుకుంటూ పోయారు. మీ ఆర్టిస్టులు కూడా అలా పనిలో ఉన్న ఒక చిక్కుని పట్టుకుని వస్తే ఊరికి పనికొస్తారు. కొత్త పసుపు రంగు ఎక్కడ దొరుకుతుంది, ఉన్న రంగు ఎండకి ఎందుకు వెలిసిపోతోంది, ఇలాంటివి.

లక్క పని ఎప్పుడూ చూడనివాళ్ల కోసం రాస్తున్నాను. అంకుడు కర్రని లేతు మీద తిప్పుతూ రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. పొయ్యి ఉండదు, మంట ఉండదు. రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. ఆనించే ఒత్తిడి తక్కువైతే పట్టదు, ఎక్కువైతే గీతలు పడతాయి. ఆఖర్న మొగలి ఆకుతో పాలిష్ చేస్తే మెరుస్తుంది. ఆ ఒత్తిడిని మాటల్లో చెప్పలేరు, మన చెయ్యి పట్టుకుని ఆనించి చూపిస్తారు. అందుకే నెలా, రెండు నెలలా అన్న లెక్క కంటే ఒక గురువు దగ్గర ఒక్కరే కూర్చోవాలన్నది నా మాట. ఆరుగురిని ఒకే ఇంటికి పంపకండి.

కొండచెట్టు

చెట్ల గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి రాస్తున్నాను. ప్రకృతి అంటే చాలా రెసిడెన్సీల్లో పొద్దున్నే నడక, పక్షుల బొమ్మలు, ఆకులు నోట్‌బుక్కులో అంటించుకోవడం. చేతిపని వాళ్లకి ప్రకృతి అంటే రేపు కర్ర దొరుకుతుందా లేదా అన్న బెంగ. కొండపల్లి బొమ్మకి తెల్ల పొణికి కావాలి. అది తేలికగా, మెత్తగా ఉంటుంది కాబట్టే ఆ బొమ్మలు అలా చెక్కగలుగుతున్నారు. చుట్టుపక్కల ఆ చెట్లు తగ్గిపోతే దూరం నుంచి తెచ్చుకోవాలి. ఏటికొప్పాకకి అంకుడూ అంతే. కలంకారీలో ఎరుపుకి వాడే మంజిష్ట రంగు ఆ మొక్క వేళ్ల నుంచి వస్తుంది. వేరు తవ్వితే మొక్క మిగలదు.

అందుకని మీ దొడ్డిని ఖాళీగా ఉంచకండి. దానిమ్మ పెట్టండి, తొక్క పసుపుకి పనికొస్తుంది. నీలి మొక్క ఒకే సీజన్‌లో చేతికొస్తుంది. కరక్కాయ చెట్టు పెట్టండి, అది కాయడానికి చాలా ఏళ్లు పడుతుంది, అయినా పెట్టండి. ఇల్లు అద్దెదే అయినా ఇంటివాళ్లతో ముందే మాట్లాడుకోండి. వచ్చిన ప్రతి ఆర్టిస్టు ఒక రోజంతా కొండకి పోయి ఏ చెట్టు ఎక్కడుందో ఊరివాళ్ల వెంట తిరిగి రాసిపెడితే, ఆ పుస్తకం ఏటా పెరుగుతుంది. అడవి చెట్టు నుంచి ఏదైనా తీసుకోవాలంటే అటవీశాఖ అనుమతి చూసుకోండి, ఇందులో కక్కుర్తి పడొద్దు.

ఇంకొకటి, సహజ రంగులు అనగానే అంతా పచ్చగా ఉన్నట్టు మాట్లాడతారు. ఉడకబెట్టడానికి బోలెడు కట్టెలు కావాలి, కడగడానికి బోలెడు నీళ్లు. ఈ రెండింటి లెక్క మొదటి ఏడాది నుంచే రాసుకోండి.

పల్లెబాట

చేతిపని వాళ్ల సంఘాల లెక్కలు చూస్తుంటాను, డబ్బు మాట నేను చెప్తాను. గంటకింత అని ఇవ్వకండి, అవమానంగా ఉంటుంది, పైగా తప్పు లెక్క. ఒక కలంకారీ ఇంట్లో మీ మనిషి కూర్చున్నాడంటే ఆ ఇంటి పని సగానికి పడిపోతుంది. ఆ నెల వాళ్లు ఎన్ని చీరలు, ఎన్ని దుపట్టాలు పంపగలిగేవారో, వాటి మీద ఎంత మిగిలేదో అడిగి తెలుసుకుని ఆ మొత్తం ముందు పక్కన పెట్టండి. దాని మీద నేర్పినందుకు గురువు జీతం. ఈ రెండూ వేరు వేరు. సగం ముందే ఇవ్వండి, కరక్కాయ, గుడ్డ, పాలు కొనడానికి వాళ్ల చేతి డబ్బు పడకూడదు.

పని అమ్ముడైతే వాటా ఎంతో కాగితం మీద తెలుగులో రాసుకోండి, చదివి వినిపించండి. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది, రిజిస్టరైన వాడుకదారులు కాకుండా మీవాళ్లు తమ పనిని ఆ పేరుతో అమ్మకూడదు.

ఆడవాళ్ల విషయం. ఒప్పందం మగాయన పేరున రాస్తారు, గుడ్డ ఉతకడం, కరక్కాయ నూరడం, రంగులు నింపడం ఇంటావిడే చేస్తుంది. చెక్కు ఇద్దరి పేరునా రాయండి. మీ ఆరుగురి భోజనం కూడా ఆ ఇంటి ఆడవాళ్ల నెత్తిన పెట్టకండి, వంటమనిషిని వేరే పెట్టుకోండి.

మహాశివరాత్రి బ్రహ్మోత్సవాల రోజుల్లో ఊరంతా కిటకిటలాడుతుంది, గదులు దొరకవు, పని సాగదు. కసింకుండ గారు మాఘం అన్నారు, శివరాత్రి మాఘ బహుళ చతుర్దశే కదా, ఆ లోపు ముగించేలా చూసుకోండి.

వెదురుపుల్ల

పల్లెబాట గారి పోస్టు ప్రింటు తీసి గోడకి అంటించుకోవచ్చు.

డబ్బిచ్చేవాళ్లు రారన్నారు కదా చిత్రలేఖ గారూ. 1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్, ఆయన చుట్టూ ఉన్న కళాకారులు మద్రాసు దగ్గర చోళమండల్ కళాకారుల గ్రామం పెట్టుకున్నప్పుడు బాటిక్ (మైనం పూసి గుడ్డకి రంగులద్దడం) లాంటి చేతిపనులు చేసి అమ్ముకుని, ఆ డబ్బుతో బొమ్మలు వేసుకున్నారు. అంటే చేతిపనే వాళ్లకి అన్నం పెట్టింది. ఆ గౌరవం మీ ఆర్టిస్టులకి ఉండాలి. వాళ్లు కూడా రోజులో కొంతసేపు గురువు గారి ఆర్డరు పనిలో సాయం పట్టాలి, రంగు నింపడమో, గుడ్డ జాడించడమో. చూస్తూ కూర్చోవడానికి వచ్చిన మనిషి ఎవరికి బరువు?

నీలిమందు

అది మాత్రం కొంచెం జాగ్రత్త అన్నా. ఆర్డరు చీర మీద కొత్తవాళ్ల చెయ్యి పెడితే పాడైపోతే ఎవరు కట్టాలి? ఉతకడం, ఆరేయడం, కట్టెలు అందించడం సరే. కలం మాత్రం వాళ్ల సొంత గుడ్డ మీదే.

జపాన్‌లో హమాదా షోజి అనే కుమ్మరి కళాకారుడి సంగతి ఇక్కడ చెప్పాలనిపిస్తోంది. 1920ల్లో ఇంగ్లండ్ నుంచి తిరిగొచ్చాక మాషికో అనే కుమ్మరి ఊళ్లో స్థిరపడ్డాడు, వంటింటి కుండలు చేసే మామూలు ఊరు అది. బయటినుంచి మంచి మట్టి తెప్పించుకోకుండా అక్కడి మట్టి, అక్కడి పూతలతోనే పనిచేశాడు. 1955లో ఆయన్ని సజీవ జాతీయ నిధిగా ప్రకటించారు. ఆయన వల్ల ఆ ఊరికే పేరొచ్చి తర్వాత ఎంతోమంది కుమ్మరులు అక్కడికి చేరారు. రెండేళ్లు రావాలన్న షరతు పెద్దదేమీ కాదని చెప్పడానికే రాశాను, ఆయనైతే జీవితమంతా అక్కడే ఉండిపోయాడు.

చిత్రలేఖ

ఒక సందేహం. కలంకారీలో రామాయణ, భారత కథలు, దేవుళ్ల బొమ్మలే ప్రధానం. మావాళ్లలో కొందరు పొలాలు, బస్టాండ్లు, తమ అమ్మమ్మలు, ఇలాంటివి వేసేవాళ్లు. ఇంకొకరైతే పూర్తిగా అబ్‌స్ట్రాక్ట్. గురువులకి అది ఇబ్బందిగా ఉంటుందా? లేక మావాళ్లు వాళ్ల దేవుళ్లని కాపీ కొడితే అది తప్పా?

కసింకుండ

మంచి ప్రశ్న అడిగారు. మా బాబాయికి ఇది చదివి వినిపించాను, ఆయన మాటే రాస్తున్నాను, గీత నేర్చుకో, నీ కథ నువ్వే వేసుకో అన్నాడు.

నేను కొంచెం వివరంగా రాస్తాను. కలం అంటే మొన తేలిన వెదురుపుల్ల, దానికి పైన ఉన్ని చుట్టి దారంతో కడతారు. ఉన్ని కసింలో ముంచాక వేళ్లతో ఎంత నొక్కితే అంత దిగుతుంది. కొత్తవాళ్లు ముందు బొట్లు బొట్లుగా కార్చేస్తారు, లేదా గీత మధ్యలో ఎండిపోతుంది. కన్ను గీయడానికి కలం వేరు, కిరీటం నింపడానికి వేరు. ఈ పట్టు వచ్చాక బస్టాండైనా వేయొచ్చు, మాకేం అభ్యంతరం లేదు, నిజం చెప్పాలంటే మాకూ చూడాలని ఉంటుంది. కథని గళ్లు గళ్లుగా విడదీసి, కింద తెలుగులో రాసి చెప్పే మా పద్ధతిలో మీ అమ్మమ్మ కథ వేస్తే ఎలా ఉంటుందో! కానీ మా ఇంట్లో వంశంగా వచ్చిన పెద్ద తెర కూర్పు, మధ్యలో పట్టాభిషేకం, చుట్టూ కథ, దాన్ని అలాగే దించేసి పేరు మార్చి అమ్మితే బాధపడతాం. నేర్చుకునేటప్పుడు కాపీ చేయొచ్చు, చేయాలి కూడా, మేమూ అలాగే నేర్చుకున్నాం. ఆ గుడ్డలు మాత్రం గురువు ఇంట్లోనే వదిలి వెళ్లాలి.

చేతిపనుల కోసం పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ గారి చొరవతో 1950ల చివర్లో కాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టకపోతే ఈ పని అప్పుడే ఆగిపోయేదని మా తాత అనేవాడు. అదీ బయటినుంచి వచ్చిన సాయమే. అందుకే మీలాంటివాళ్లు వస్తామంటే నాకు సంతోషం. మా పక్కింటి కుర్రాళ్లు ఇద్దరు కలం వదిలేసి కంపెనీలకి వెళ్లిపోయారు, వాళ్ల వయసు ఆర్టిస్టులు బయటినుంచి వచ్చి ఇదే నేర్చుకుంటుంటే వాళ్ల తమ్ముళ్లయినా మళ్లీ ఆలోచిస్తారేమోనని ఒక ఆశ.

లక్కపిడత

ఊరి పిల్లలకి కూడా రెండు చోట్లు ఉంచండి, ఆరుగురిలో. బయటి నలుగురు, ఊరి ఇద్దరు. ఊరివాళ్లకి కూడా అదే స్టైఫండ్, అదే గది, అదే పేరు. అప్పుడే ఇది రెసిడెన్సీ, లేకపోతే విడిది.

చిత్రలేఖ

అందరికీ మనస్ఫూర్తిగా థ్యాంక్స్. మావాళ్లతో కూర్చుని మాట్లాడాను, ప్లాన్ మొత్తం మార్చేశాం.

మే తీసేశాం. సంక్రాంతి అయ్యాక మొదలుపెట్టి శివరాత్రికి ముందే ముగిస్తాం, ఏట్లో నీళ్లు చూసుకుని వారం అటూ ఇటూ జరుపుతాం. నలుగురు బయటివాళ్లు, ఇద్దరు ఊరివాళ్లు, ఒక్కో ఇంటికి ఒక్కరే. దరఖాస్తులోనే రెండో ఏడాది కూడా వస్తామని ఒప్పుకోవాలి. డబ్బు పల్లెబాట గారు చెప్పినట్టు, పని నష్టం వేరు, గురువు జీతం వేరు, చెక్కు ఇద్దరి పేరునా. ముందు ఊళ్లోనే చూపిస్తాం, నగరంలో పెట్టేటప్పుడు నేర్పినవారి పేరు మా పేరుతో సమానమైన అక్షరాల్లో. రెండేళ్ల షరతుకి మాలో ఒకరు ఇంకా ఒప్పుకోవడం లేదు, దరఖాస్తులు తగ్గిపోతాయని భయం. తగ్గితే తగ్గనీ అని నేనంటున్నాను. కొండచెట్టు గారూ, దొడ్డిలో దానిమ్మ, నీలి, కరక్కాయ పెట్టుకోవచ్చని ఇంటివాళ్లు ఒప్పుకున్నారు.

కసింకుండ గారూ, మొదటి బ్యాచ్ వచ్చేలోపు మేం ముందుగా సిద్ధం చేసిపెట్టాల్సినవి ఏమైనా ఉన్నాయా? కసిం కుండ మాత్రం వాళ్ల చేతే పెట్టిస్తాం.

కసింకుండ

గుడ్డ ముందే కొనిపెట్టండి, కోరా నూలు గుడ్డ, మిల్లు పాలిష్ ఉన్నది వద్దు. గంజి పూర్తిగా పోయేదాకా ఉతికి ఎండబెట్టి మడిచి ఉంచండి. గంజి మిగిలితే కరక్కాయ సరిగా పట్టదు, నలుపు మచ్చలు మచ్చలుగా వస్తుంది. పాలు, కరక్కాయ మాత్రం ముందే పట్టించి ఉంచకండి, నిలవ ఉంటే వాసన వస్తుంది, అదీ వచ్చినవాళ్లే చేసుకోవాలి. ఇనుప ముక్కల కోసం పాత లాడాలు, మేకులు దొరికినప్పుడల్లా పోగు చేయండి, నూనె మరకలు ఉన్నవి వద్దు. కొత్త మట్టికుండలు ఆరు తీసుకోండి, ఎందుకైనా మంచిది ఇంకో రెండు. బావి నీళ్లు ఉప్పగా ఉన్నాయేమో చూసి నాకు చెప్పండి, ఉప్పనీళ్లయితే రంగు తేడా వస్తుంది, అప్పుడు నీళ్లు ఎక్కడినుంచి తేవాలో బాబాయితో మాట్లాడి రాస్తాను.